అమ్మానాన్నలతో ఎఫ్టెలింగ్‌లో ఒక రోజు

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి ఏప్రిల్ నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు రావడం మొదలవుతుంది. వాళ్ళని తిప్పే చోట్లు దాదాపు అందరివీ ఒకటే. క్యూకెన్‌హాఫ్ తులిప్ తోటలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లో పడవ, పారిస్‌లో ఈఫిల్ టవర్, సెలవులు మిగిలితే స్విట్జర్లాండ్. ఎఫ్టెలింగ్ పేరెత్తితే మాత్రం "అది పిల్లల పార్కు కదండీ, రోలర్ కోస్టర్లు ఎక్కలేని పెద్దవాళ్ళు అక్కడేం చేస్తారు?" అంటారు. మేం వెళ్ళొచ్చాం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుంటుంది. నాన్నకి డెబ్బై దాటాయి. ఈ దేశం వచ్చాక వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా "ఇక ఇంటికి పోదామమ్మా" అనని రోజు అదొక్కటే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. ఎఫ్టెలింగ్ నెదర్లాండ్స్ దక్షిణాన, నార్త్ బ్రాబాంట్‌లో కాట్స్‌హ్యూవల్ అనే చిన్న ఊళ్ళో ఉంది. చెట్ల మధ్య పిల్లల కథల బొమ్మలుండే 'కథల అడవి' ఒక్కదానితో 1952లో తెరిచారు. అంటే డిస్నీవాళ్ళు అమెరికాలో తమ మొదటి పార్కు తెరవడానికి మూడేళ్ళ ముందే. బొమ్మలన్నీ గీసింది ఆంటోన్ పీక్ అనే చిత్రకారుడు. వాటికి కదలిక, వెలుగు, శబ్దం సమకూర్చింది పీటర్ రైండర్స్. పీక్ ఒక పట్టు పట్టాడట: కట్టేవన్నీ నిజమైన ఇటుకతో, కర్రతో, పెంకుతో కట్టాలి, అట్టముక్కల సెట్టింగులు వద్దు అని. ఆ పట్టు ఎంత మంచిదో అక్కడ నడిస్తే తెలుస్తుంది. కప్పులు వంకరగా ఉంటాయి, పెంకుల మీద నాచు పట్టి ఉంటుంది, గోడ తడిమితే చేతికి రాయే తగులుతుంది. పార్కు యజమాని ఒక ఫౌండేషన్, వచ్చిన లాభం మళ్ళీ పార్కుకే పెడతారు. ఇప్పుడు ఏటా 50 లక్షల మందికి పైగా వస్తున్నారు.

అంతమంది వచ్చే చోటికి ఏ రోజు వెళ్ళాలన్నదే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. టికెట్ తేదీతో కొనాలి, ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవడం మేలు. నాలుగేళ్ళు నిండని పిల్లలకి టికెట్ లేదు, నిండితే కావాలి. శని ఆదివారాలూ, బడి సెలవులూ పెద్దవాళ్ళతో అసలు వద్దు. పోనీ మామూలు రోజు వెళ్దామంటే ఇక్కడ అయిదేళ్ళు నిండిన పిల్లల్ని ఊరికే బడి మానిపించడానికి చట్టం ఒప్పుకోదు. దీనికో దారుంది. ప్రతి బడికీ ఏడాదిలో కొన్ని 'స్టూడీడాగ్'లు ఉంటాయి. ఆ రోజు టీచర్లకి శిక్షణ, పిల్లలకి సెలవు. ఒక్కో బడికి ఒక్కో రోజు కాబట్టి మన బడికి సెలవున్న రోజు మిగతా ఊళ్ళన్నీ మామూలుగా నడుస్తుంటాయి. మా పాప బడి క్యాలెండర్లో జూన్‌లో మంగళవారం అలాంటిది కనిపించగానే టికెట్లు కొనేశాం. పిల్లలున్నవాళ్ళు ఏడాది మొదట్లోనే ఆ క్యాలెండర్ చూసి పెట్టుకోండి.

రైల్లో వెళ్ళేవాళ్ళు డెన్ బాష్‌లో గానీ టిల్‌బర్గ్‌లో గానీ దిగితే స్టేషన్ బయటి నుంచే బస్సులున్నాయి, పార్కు ముందే దింపుతాయి. మేం అమ్మ కోసం కారులో వెళ్ళాం, ముప్పావు గంట పట్టింది. పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి, అక్కడి నుంచి గేటు దాకా కాస్త నడక ఉంది. ఆ నడకలోనే గేటు కనిపిస్తుంది. గడ్డితో నేసిన ఎత్తైన కప్పు, దాని కొనలు ఆకాశంలోకి పొడుచుకుని ఉంటాయి. నాన్న అక్కడే ఆగిపోయి "ఇది పూరిల్లేనా?" అన్నాడు. పూరిల్లే. మన కొబ్బరిచెట్టంత ఎత్తు పూరిల్లు.

ప్రవేశద్వారం దగ్గర వీల్‌చైర్ అద్దెకిస్తారు. అమ్మ దాన్ని చూడగానే మొహం తిప్పుకుంది. "నేనేమన్నా మంచాన పడ్డానా? నడుస్తాలే" అంది. మా ఆయన వంగి మెల్లగా చెప్పాడు: "అత్తయ్యగారూ, నడవగలిగిన చోట నడవండి. అలిసినప్పుడు కూర్చోండి. లేనప్పుడు మన సంచులు పెట్టుకుందాం." సంచుల మాటతో ఒప్పుకుంది. అన్నట్టుగానే మొదటి గంట ఆ కుర్చీలో పులిహోర గిన్నె కూర్చుంది, ఆ తర్వాత అమ్మ కూర్చుంది. పార్కు చాలా పెద్దది, దారులు చదునుగా ఉన్నా ఒక చోటి నుంచి ఇంకో చోటికి బాగా దూరం. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళుంటే వీల్‌చైర్ తప్పకుండా తీసుకోండి. మొహమాటం మొదటి పది నిమిషాలే.

గేట్లు తెరవగానే జనమంతా పెద్ద కోస్టర్ల వైపు వెళ్తారు. మేం కథల అడవికి వెళ్ళాం. పొద్దున్నే అక్కడ జనం పల్చగా ఉంటారు, ఎత్తైన చెట్ల కింద చల్లగా ఉంటుంది. 1952లో పది కథలతో మొదలైన ఆ అడవిలో ఇప్పుడు ముప్పై దాకా ఉన్నాయి. స్నోవైట్, ఎర్రటోపీ పాప, నిద్రపోయే రాకుమారి లాంటివి మన పిల్లలకీ తెలుసు, పెద్దవాళ్ళకి తెలియకపోయినా ఏమీ లోటుండదు. దారి పక్కన తెల్లచుక్కల ఎర్ర పుట్టగొడుగులుంటాయి, వాటికి చెవి ఆనిస్తే లోపలి నుంచి సంగీతం వినిపిస్తుంది. పాప ప్రతి దాని దగ్గరా ఆగింది, అమ్మ కూడా పాపతో పాటే ప్రతి దాని దగ్గరా వంగింది. పొడుగు మెడవాడు ఒకడుంటాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెడ సాగదీస్తూ చెట్ల దాకా లేపుతాడు. కోటలో పడుకున్న రాకుమారి గుండె మీద చూపు నిలిపితే ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. "బతికున్న పిల్లేమోనే" అంది అమ్మ గుసగుసగా, లేచిపోతుందేమో అన్నట్టు.

నాన్న మాత్రం ఫకీరు దగ్గర నిలబడిపోయాడు. ఆ ఫకీరు 1958 నుంచి అక్కడున్నాడు. ఒక బురుజులో కూర్చుని పిల్లనగ్రోవి ఊదుతాడు, తోటలో తులిప్‌లు పైకి లేస్తాయి. తర్వాత తివాచీ మీద కూర్చునే గాల్లో తేలుతూ ఎదుటి బురుజుకి వెళ్ళిపోతాడు. మా నాన్నది తెనాలి. చిన్నప్పుడు సురభి నాటకాలు ఊళ్ళోకొస్తే అన్నం మానేసి వెళ్ళినవాడు. ఘటోత్కచుడి మాయలు, స్టేజీ మీద కురిసే వాన, గాల్లో ఎగిరే మనుషులు, ఇవన్నీ మాకు కథలు కథలుగా చెప్పేవాడు. తెర వెనక ఎవరు ఎక్కడ నిలబడి ఏ తాడు లాగేవాళ్ళో కనిపెట్టడం ఆయనకి అప్పటి నుంచీ సరదా. ఫకీరు ఎగిరినప్పుడు నాన్న అతన్ని చూడలేదు, అతని పైన ఉన్న గాలిని చూశాడు. అతను తిరిగొచ్చేదాకా ఆగి మళ్ళీ చూశాడు. బురుజు వెనక వైపుకి వెళ్ళి చూశాడు. మేం ముందుకెళ్ళిపోయి అరగంట తర్వాత వెతుక్కుంటూ వస్తే ఒక డచ్ తాతతో సైగలతో మాట్లాడుతున్నాడు. ఆ తాత కూడా చిన్నప్పటి నుంచీ ఆ ఫకీరుని చూస్తున్నవాడే అట, ఇప్పుడు మనవణ్ణి తీసుకొచ్చాడు. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి భాష లేదు. ఇద్దరూ వేళ్ళతో గాల్లో తీగలు గీసుకుంటున్నారు.

అమ్మకి నచ్చినది వేరు. ఆ అడవిలోనే ఒక గుహ ఉంది, 'ఇండియా కలువలు' అని పేరు. 1966లో కట్టారు. దాని కథ రాసింది బెల్జియం రాణి ఫాబియోలా. లోపల చీకటి, చల్లదనం, మధ్యలో చిన్న కొలను. రోజూ రాత్రి చంద్రదేవతతో పాటు నక్షత్రకన్యలు దిగివచ్చి ఆ కొలనులో ఆడుకునేవారట. అక్కడుండే మంత్రగత్తె మాట వినకుండా ఉండిపోయినందుకు వాళ్ళని కలువలుగా మార్చేసింది. రాత్రిళ్ళు ఆమె పాడినప్పుడు మాత్రం కలువలు విచ్చుకుంటాయి, అందులోంచి కన్యలు లేచి నాట్యం చేస్తారు. కప్పలు వాయిద్యాలు వాయిస్తాయి. ఉన్నది కొద్ది నిమిషాలే. కన్యలు తిరిగి కలువల్లోకి ముడుచుకుంటున్నప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని "పాపం, పొద్దున్నే అందరూ పూలైపోవాలిగా" అంది. బయటికొచ్చాక "ఇంకోసారి చూద్దామా?" అని తనే అడిగింది. అడగడం అమ్మకి అలవాటు లేదు. ఏం తింటావన్నా "ఏదైనా పర్లేదు" అనే మనిషి. వెంటనే మళ్ళీ క్యూలో నిలబడ్డాం.

ఈ పార్కులో చెత్తబుట్ట గురించి కూడా చెప్పాలి. 'హోలె బోలె ఖైస్' అని బాగా లావుపాటి తిండిపోతు బొమ్మలు అక్కడక్కడా నోరు తెరుచుకుని ఉంటాయి. "పపీర్ హీర్!" అంటూ కాగితం తెమ్మని అరుస్తుంటాయి. నోటి దగ్గర కాగితం పెడితే గాలితో లోపలికి లాగేసుకుని థాంక్స్ చెబుతాయి. 1959లో మొదటిది పెట్టారట. పిల్లలు కాగితాల కోసం దారంతా వెతుకుతారు, అందుకే దారిలో కాగితం ముక్క కనబడదు. మా పాప తాతయ్య జేబులోంచి పాత బస్సు టికెట్లు, మందుల చీటీ అట్ట, కిరాణా రసీదు అన్నీ ఖాళీ చేయించింది. మన ఊళ్ళ పార్కుల్లో, గుళ్ళ దగ్గర ఇలాంటిది ఒక్కటి పెడితే ఎంత బావుంటుందో అని నాన్నా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

తిండి సంగతి. బయటి భోజనం లోపలికి తీసుకెళ్ళనిస్తారు, ఇది మనకి పెద్ద వరం. కూర్చుని తినడానికి బల్లలు చాలా చోట్ల ఉన్నాయి. మేం పులిహోర, పెరుగన్నం, వేయించిన చల్లమిరపకాయలు, ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్ళాం. చుట్టుపక్కల డచ్ కుటుంబాలు కూడా డబ్బాల్లోంచి బ్రెడ్డూ చీజూ తీసి తింటుంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. కొనుక్కోవాలంటే ఫ్రెంచ్ ఫ్రైస్, పాన్‌కేకులు, పొఫర్చెస్ దొరుకుతాయి. పొఫర్చెస్ అంటే గుంటపొంగనాల సైజులో ఉండే తియ్యటి చిన్న పాన్‌కేకులు, వెన్న, చక్కెరపొడి వేసిస్తారు. వీటి పిండిలో మామూలుగా గుడ్డు ఉంటుంది. గుడ్డు తినని పెద్దవాళ్ళకి పెట్టేముందు అడగండి. అమ్మ తినదు కాబట్టి ఫ్రైస్ తీసుకుంది, మయొనైజ్ వద్దని చెప్పాం.

భోజనమయ్యాక అమ్మానాన్నల్ని పాపతో ఆవిరి రైలెక్కించాం. అది పార్కు చుట్టూ తిరుగుతుంది, రెండు స్టేషన్లున్నాయి, కాళ్ళకి విశ్రాంతి. ఆ సమయంలో మేమిద్దరం బారన్ 1898 అనే రోలర్ కోస్టర్‌కి వెళ్ళాం. ఒంటరిగా ఎక్కేవాళ్ళకి వేరే క్యూ ఉంటుంది, పక్కపక్కన కూర్చోవాలన్న పట్టు లేకపోతే చాలా సమయం కలిసొస్తుంది. 2015లో వచ్చిన ఈ కోస్టర్ కథ ఒక బంగారు గని చుట్టూ అల్లారు. బండి 30 మీటర్ల ఎత్తుకెక్కి అంచు దాటి ముక్కు కిందికి వంచి ఒక్క క్షణం ఆగుతుంది. కింద నేలలో చీకటి బావి నోరు తెరుచుకుని పొగలు కక్కుతుంటుంది. వెనక్కి పోలేం, ముందు ఏమీ లేదు, నడుం దగ్గర పట్టీ ఒక్కటే మనల్ని పట్టుకున్నట్టుంటుంది. తర్వాత గంటకి 90 కిలోమీటర్ల వేగంతో సూటిగా ఆ బావిలోకే. నేను అరవలేదు, అరవడానికి ఊపిరి కావాలి కదా. దిగాక కాళ్ళు వణికాయి, మళ్ళీ ఎక్కాలనిపించింది.

పిల్లలున్నవాళ్ళు ఇంట్లోనే ఎత్తు కొలిచి వెళ్ళాలి. బారన్‌కి 1.32 మీటర్లు ఉండాలి, పైథాన్, ఫ్లయింగ్ డచ్‌మన్ అనే కోస్టర్లకి 1.20. మా పాప 1.17. కర్ర దగ్గర నిలబెట్టి కొలిచే అబ్బాయి ఎంత ముద్దుగా చెప్పినా, అంతదాకా క్యూలో నిలబడి వెనక్కి రావడం పిల్లలకి చాలా కష్టం. మేం ముందే కొలిచి, ఈసారి నీకు 'యోరిస్, డ్రాగన్' అని చెప్పి తీసుకెళ్ళాం. అది చెక్కతో కట్టిన కోస్టర్, రెండు బళ్ళు పక్కపక్కన పోటీ పడతాయి. పాప వాళ్ళ నాన్నతో ఎక్కింది, వాళ్ళ బండే గెలిచింది, ఇంటికొచ్చేదాకా అదే మాట.

అయిదుగురం కలిసి ఎక్కినవే నాకు ఎక్కువ గుర్తున్నాయి. డ్రోమ్‌ఫ్లుఖ్ట్ 1993 నాటిది. పైనుంచి వేలాడే చిన్న బళ్ళలో కూర్చుంటే పరీలు, ఎగిరే కోటలు, రాత్రి అడవి మీదుగా మెల్లగా తీసుకెళ్తుంది. చివర్లో మాత్రం గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతుంది, అమ్మ "ఓరి నాయనో" అని నవ్వింది. ఫాటా మోర్గానా పడవ ప్రయాణం. అరేబియా కథల నగరం, సంత, చెరసాల, సుల్తాను సభ, నిధి అన్నీ వరసగా వస్తాయి, కదిలే మనుషులే వందకు పైగా ఉంటారు. అక్కడ పడవ ఎక్కే చోట ప్లాట్‌ఫాం గుండ్రంగా తిరుగుతుంటుంది. అమ్మ భయపడింది. సిబ్బంది చెయ్యి పట్టుకుని, తొందరపెట్టకుండా ఎక్కించారు. ఏ రైడ్‌కి ఎంత లేచి నడవాల్సి వస్తుందో పార్కు సైట్లో రాసి ఉంటుంది, వెళ్ళే ముందు చదువుకుంటే నిశ్చింత.

2017లో తెరిచిన సింబోలికా మా నాన్నకి రెండో పండగ. ముందు అందర్నీ ఒక హాల్లో నిలబెడతారు. ఎదురుగా రాజభవనం మెట్లు. విదూషకుడు పార్డూస్ వచ్చి మాయ చేస్తాడు, ఆ మెట్లు మధ్యకి చీలి పక్కకి జరిగి లోపలికి రహస్య దారి తెరుచుకుంటుంది. పట్టాలే లేని బళ్ళు రాజభవనం గదుల్లో వాటంతటవే మలుపులు తిరుగుతూ వెళ్తాయి. నాన్న దారంతా నేల వైపే చూశాడు. "తాడు లేదు, పట్టా లేదు, మరి దారెవరు చెబుతున్నారమ్మా దీనికి?" అన్నాడు. ఇంటికొచ్చాక అల్లుడూ మామా కూర్చుని అదే చర్చ.

డాన్స్ మకాబర్ అనే భయపెట్టే ఇల్లు 2024 అక్టోబర్ చివర్లో కొత్తగా వచ్చింది, దానికి క్యూ ఎప్పుడూ పొడుగే, పాపతో పెద్దవాళ్ళతో దాని జోలికి పోలేదు. విల్లా వోల్టాకి మాత్రం నాన్నా నేనూ వెళ్ళాం, గది మొత్తం మన చుట్టూ తలకిందులవుతున్నట్టుంటుంది. తలతిరుగుడు, బీపీ ఉన్నవాళ్ళకి వద్దు. సాయంత్రం అలిసిపోయినప్పుడు గొండొలెట్టా మంచిది, చెరువులో పడవ దానంతటదే నెమ్మదిగా పోతుంది. జూన్ అయినా అక్కడ చల్లగాలి వీస్తుంది, మధ్యలో వాన కూడా పడింది. అమ్మ చీర మీద స్వెట్టరూ దాని మీద వానకోటూ వేసుకుంది. ఈ రెండూ, ఒక జత అదనపు మేజోళ్ళూ సంచిలో పెట్టుకోండి.

పార్కు మూసే వేళకి చెరువు దగ్గర ఆక్వానురా ఉంటుంది. 2012లో, పార్కుకి అరవై ఏళ్ళు నిండినప్పుడు మొదలుపెట్టిన ఫౌంటెన్ల ప్రదర్శన. పెద్ద పెద్ద కప్పల బొమ్మలు, సంగీతానికి తగ్గట్టు ఊగే నీళ్ళు, నీళ్ళ మధ్య నిప్పు. కాస్త ముందే వెళ్తే వీల్‌చైర్‌ని ముందు వరస దాకా తీసుకెళ్ళే చోటు దొరుకుతుంది. అవ్వగానే అందరూ ఒక్కసారి పార్కింగ్ వైపు పోతారు, మేం పావుగంట బెంచీ మీద కూర్చుని మిగిలిన కాఫీ తాగి బయల్దేరాం, కారు ఆగకుండా రోడ్డెక్కింది.

మా ఆడపడుచు వాళ్ళ అత్తమామలు ఆగస్టులో వస్తున్నారు, ఎఫ్టెలింగ్‌కి ఎప్పుడు వెళ్ళమంటావని అడిగింది. ఆగస్టు వద్దని, బడులు తెరిచాక సెప్టెంబర్‌లో మంగళవారమో గురువారమో చూసుకోమని చెప్పాను. వీల్‌చైర్ గురించి మాత్రం ఆవిడ అత్తగారితో మా అమ్మే ఫోన్‌లో మాట్లాడతానంది.